బైక్ ముందు ఫోర్క్ మెత్తగా ఉందా? ఆ ఆయిల్ సీసా కాసేపు కింద పెట్టండి

బ్రేక్ నొక్కగానే బండి ముక్కు కిందికి కుంగిపోతోందని షెడ్డుకి వెళ్తారు. అక్కడ ఒకటే మందు: "చిక్కటి ఆయిల్ పోసేద్దాం గురూ, గట్టిపడిపోద్ది." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఆ రెండు గొట్టాలు, లోపల స్ప్రింగూ ఆయిలూ ఉంటాయి. చిక్కటి ఆయిల్‌తో ఫోర్క్ గట్టిపడదు. నెమ్మదిస్తుంది, అంతే.

ఏటీఎం గది తలుపు పైన డోర్ క్లోజర్ ఉంటుంది కదా. దాని లోపల ఒక స్ప్రింగ్, కాస్త ఆయిల్. తలుపుని వెనక్కి తెచ్చేది స్ప్రింగ్, ఎంత వేగంగా తేవాలో చూసుకునేది ఆయిల్. స్ప్రింగ్ నీరసిస్తే తలుపు చివర నాలుగు వేళ్ల సందు వదిలేసి ఆగిపోతుంది, ఏసీ అంతా రోడ్డు పాలు. దానికి చిక్కటి ఆయిల్ పోస్తే ఏమవుతుంది? అదే సందు దగ్గర ఇంకాస్త ఆలస్యంగా ఆగుతుంది!

ఫోర్క్‌లోనూ ఇదే కథ. మీ బరువు మోయాల్సింది స్ప్రింగ్. అది చేతకాక కూర్చుంటే ఆయిల్ వచ్చి మోయదు.

ఇప్పుడు అనంతగిరి ఘాట్ దిగుతున్నారనుకోండి. వెనక మనిషి, లగేజీ, మలుపు మలుపుకీ ముందు బ్రేకు, మధ్యలో గతుకులు. మన ఏటీఎం తలుపు మూసుకునేలోపే ఇంకొకాయన తోసుకొచ్చాడు, ఆయన వెనకే మరొకాయన. ఇక తలుపు మూసుకునేదెప్పుడు? చిక్కటి ఆయిల్ పోసిన ఫోర్క్ ఒక గతుకు నుంచి పైకి లేచేలోపే రెండోది తగులుతుంది. ఇంకాస్త కుంగుతుంది. మూడోదానికి ఇంకాస్త. ఆఖరికి ఠంగుమని అడుక్కి కొడుతుంది.

పైగా మన మామూలు బళ్లలో ఎక్కువగా ఉండేవి డ్యాంపర్ రాడ్ ఫోర్కులు. ఆయిల్ దూరడానికి రాడ్‌కి కొన్ని చిల్లులు ఉంటాయి, వాటి సైజు మారదు. ఫోర్క్ కదిలే వేగం రెట్టింపైతే ఆయిల్ పెట్టే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. బ్రేక్ వేసినప్పుడు ఫోర్క్ నెమ్మదిగా దిగుతుంది, అక్కడ ఆ అడ్డు చాలదు. గుంత గబుక్కున తగులుతుంది, అక్కడ మరీ ఎక్కువైపోతుంది. చిక్కటి ఆయిల్‌తో కుంగడం కొంచెం ఆలస్యమవుతుందేమో గానీ, సాయంత్రానికి మణికట్లు లాగేస్తాయి.

(ఇక్కడ ఫోర్క్ ట్యూబ్ దగ్గరగా చూపించాలి)

ముందు కొలవండి. చక్రాన్ని గాల్లోకి లేపి, ఇదిగో, మెరిసే ఈ ట్యూబ్ ఎంత పొడవు కనిపిస్తోందో రాసుకోండి. తర్వాత హెల్మెట్, జాకెట్‌తో సహా మీరెక్కి కూర్చోండి, ఇంకొకరిని కొలవమనండి. ఆ తేడానే సాగ్ అంటారు. ఫోర్క్ మొత్తం కదలిక 130 మిల్లీమీటర్లయితే, రోడ్డు మీద తిరిగే బండికి సాగ్ 35 నుంచి 40 ఉంటే బాగుంటుంది. 55, 60 వచ్చిందంటే ఫోర్క్ మెత్తగా ఉందన్న మీ అనుమానం నిజమే.

"స్ప్రింగ్ పైన స్పేసర్, అంటే పైపు ముక్క, పెంచితే సరిపోదా?" అంటారు. లెక్క చూద్దాం. 0.8 స్ప్రింగ్ అంటే ఒక మిల్లీమీటర్ నొక్కడానికి 800 గ్రాములు కావాలి, దీన్నే స్ప్రింగ్ రేటు అంటారు. 10 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క అదనంగా పెట్టారు. స్ప్రింగ్ ముందే 8 కేజీలతో బిగిసి కూర్చుంటుంది. ఆ తర్వాత ప్రతి మిల్లీమీటర్‌కీ మళ్లీ అదే 800 గ్రాములు. బండి ముక్కు పైకి లేచింది, స్ప్రింగ్ మాత్రం మారలేదు. గుర్తుపట్టడం తేలికే: స్పేసర్‌తో సాగ్ 35కి తెచ్చాక మీరు బండి దిగండి. బండి తన సొంత బరువుకి దాదాపు కుంగకుండా నిలబడిందంటే, ఆ స్ప్రింగ్ మీకు మెత్తన. ఇంకో పైపు ముక్క కోయకండి, మీ బరువుకి తగ్గ రేటున్న స్ప్రింగులు తెప్పించుకోండి. ఫోర్క్ రెండు గొట్టాలకీ ఒకటే రేటు.

మన వైజాగ్ వాళ్లకి ఇంకో తద్దినం ఉంది, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో పెట్టే బళ్లయితే చెప్పక్కర్లేదు. డస్ట్ సీల్, అంటే దుమ్ము పోకుండా ట్యూబ్ చుట్టూ ఉండే రబ్బరు రింగు, పైకి లేపి ట్యూబ్ మీద గోరు నడపండి. గరుగ్గా తగిలితే అక్కడ తుప్పు క్రోమ్‌ని తినేసిందన్నమాట. ఆ ట్యూబ్ మీద ఆయిల్ కారకుండా ఆపే కొత్త ఆయిల్ సీల్ ఎక్కిస్తే, ఆ గరుకు దాన్నీ చీరేస్తుంది, ఆయిల్ మళ్లీ కారుతుంది. ముందు ట్యూబ్ సంగతి చూసి, తర్వాతే స్ప్రింగులకి డబ్బు పెట్టండి.

టైమైపోతోంది, మిగతావి గబగబా. ఆయిల్ మాత్రం బండి కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి. సీసా మీద 10డబ్ల్యూ అని గ్రేడు రాసుంటుంది కదా, ఒక బ్రాండ్ 10డబ్ల్యూ, ఇంకో బ్రాండ్ 10డబ్ల్యూ ఒకే చిక్కదనం ఉండాలని లేదు. ఆయిల్ లెవెల్‌ని స్ప్రింగ్ తీసేసి, ఫోర్క్ పూర్తిగా నొక్కి, ట్యూబ్ పై అంచు నుంచి కొలవాలి. లెవెల్ కొద్దిగా పెంచితే లోపలి గాలి ఇరుకై చివర్లో అడుక్కి కొట్టడం తగ్గుతుంది. మరీ పెంచితే సీళ్లు తన్నుకొస్తాయి. స్ప్రింగ్ మార్చాక కూడా గుంతల్లో చేతులు అదురుతుంటే అప్పుడు ఎమ్యులేటర్ వాల్వుల గురించి, అంటే ఆయిల్ అడ్డుని వేగానికి తగ్గట్టు సర్దే చిన్న వాల్వుల గురించి ఆలోచించండి. వాటికి రాడ్ చిల్లులు పెద్దవి చేయాలి, లేత్ పని బాగా తెలిసినవాళ్లకే ఇవ్వండి. పై క్యాప్ విప్పేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి, కింద స్ప్రింగ్ కాచుకుని ఉంటుంది. గట్టి స్ప్రింగ్‌తో ముక్కు పైకి లేస్తుంది కాబట్టి హెడ్‌లైట్ కాస్త కిందికి దించుకోండి, ఎదురొచ్చేవాళ్ల తిట్లు తప్పుతాయి.