చెయ్యి వేసే ముందు ఒక ఏడాది చూడండి

అందరికీ నమస్కారం. ఈ పాత పార్కును చూసుకుందామని పొద్దున్నే ఇంతమంది వచ్చారు, సగం మంది చీపుళ్ళు, గునపాలు కూడా పట్టుకొచ్చారు, చూస్తుంటే కడుపు నిండినట్టుంది. కానీ ముందే చెప్పేస్తాను, ఈరోజు గునపంతో పని లేదు, ముందు ఒక ఏడాది చూడటమే మన పని. వాటిని ఆ గోడకు ఆనించి కాసేపు నా మాట వినండి. పాత పార్కులు పట్టించుకోనివాళ్ళ వల్ల ఎంత పాడవుతాయో, ప్రేమ కొద్దీ తొందరపడి చెయ్యి వేసేవాళ్ళ వల్ల కూడా ఇంచుమించు అంతే పాడవుతాయి. ఎవరినో ఉద్దేశించి అనడం లేదు, మా జట్టు మొదటి ఏడాది చేసిన పని గురించే చెబుతున్నాను.

మేము చూసుకునే పార్కులో ఒక పెద్ద చెట్టుంది. నలుగురు చేతులు కలిపి పట్టుకున్నా మాను అందదు. దాని కింద నేల తొక్కుడుకి రాయిలా గట్టిపడి, వేళ్ళు పైకి తేలి కనబడుతుంటే మాకు ప్రాణం ఉసూరుమంది. పాపం మట్టి చాలడం లేదనుకుని బండి మట్టి తెప్పించి మాను చుట్టూ మోకాలెత్తు పోశాం, అది జారిపోకుండా రాళ్ళు పేర్చి సిమెంట్ పెట్టాం, అందరం నిలబడి ఫొటో దిగాం. రెండేళ్ళు తిరిగేసరికి పైకొమ్మల చివర్లు ఎండటం మొదలైంది. చెట్ల సంగతి బాగా తెలిసిన ఒకాయన్ని పిలిస్తే, ఆయన ఏమీ మాట్లాడకుండా కూర్చుని ఆ మట్టిని చేత్తోనే తవ్వాడు. లోపల బెరడు నల్లబడి, తడిసి, వేలితో నొక్కితే దిగిపోతోంది. మాను కింద కొంచెం వెడల్పై వేళ్ళలోకి దిగే చోటు ఉంటుంది చూడండి, అది ఎప్పుడూ పైకి కనబడుతూ, గాలి తగులుతూ పొడిగా ఉండాలి, దాన్నే మేము పూడ్చిపెట్టాం. రాళ్ళు, మట్టి అన్నీ తీసేశాం. చెట్టు బతికింది గానీ ఒక పక్క పెద్ద కొమ్మ పోయింది. ఇప్పటికీ అటు చూస్తే ఆకాశం ఖాళీగా కనబడి మనసు చివుక్కుమంటుంది.

అందుకే చెట్టు గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను. చెట్టు వేళ్ళు లోపలికి ఎంతో లోతుకు పోతాయని అనుకుంటాం. నిజానికి నీళ్ళూ పోషకాలూ పీల్చే సన్నటి వేళ్ళు ఎక్కువ భాగం పైన 30 నుంచి 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, పక్కకి మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. కాబట్టి చెట్టు కింద బండ్లు పెట్టినా, టెంటు గుంజలు పాతినా, రోజూ వందలమంది నిలబడినా మట్టిలో గాలి ఆడే సందులు మూసుకుపోయి వేరుకు ఊపిరాడదు. దీనికి మందు మన కాళ్ళ దగ్గరే ఉంది. రాలిన ఆకుల్ని ఊడ్చి మూటగట్టి బయట పారేయకుండా, తరిగిన కొమ్మల పొట్టుతో కలిపి 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన నేల మీద పరచండి, మానుకి మాత్రం తగలనివ్వకండి. నేల శుభ్రంగా అద్దంలా కనబడాలని కొందరు ఆశిస్తారు, ఆ శుభ్రత ఇంటి వరండాకు బాగుంటుంది, చెట్టుకు కాదు.

ఇంకోటి, తొర్రలు. పూర్వం తొర్ర కనబడితే గోకి శుభ్రం చేసి సిమెంటుతో నింపేవాళ్ళు, అదే వైద్యం అనుకునేవాళ్ళు. అలెక్స్ షైగో అనే అమెరికన్ శాస్త్రవేత్త వేలాది చెట్లను నిలువునా కోసి లోపల చూసి ఒక సంగతి తేల్చాడు. మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదు, చెట్టు ఆ కుళ్ళు చుట్టూ లోపల ఒక గోడ కట్టుకుని దాన్ని అక్కడే బంధించి, పక్కన కొత్త చెక్క పెంచుకుంటూ పోతుంది. మనం గోకితే ఆ గోడే పగులుతుంది. గాయానికి రంగు పూసినా కుళ్ళు ఆగదు. కొమ్మ కొట్టాల్సి వస్తే మానుకి ఆనుకున్న చోట ఉబ్బెత్తుగా ఒక పట్టీలా ఉంటుంది, దాన్ని వదిలి దాని బయటే కోయాలి. మనుషులు నడిచే దారి మీద వాలిన కొమ్మ సంగతి వేరు, అది తెలిసినవాళ్ళకు వెంటనే చూపించాలి, ఏడాది ఆగడం కుదరదు.

గోడల సంగతి క్లుప్తంగా చెబుతాను. పాత ఇటుక గోడ సాధారణంగా సున్నంతో కట్టి ఉంటుంది. అది తడి పీలుస్తుంది, వదులుతుంది. సందులు రాలాయని సిమెంట్ మెత్తితే ఆ తడికి బయటికి పోయే దారి ఉండదు, ఇటుకలోంచే పోవాలి, అప్పుడు ఇటుక ముఖం పొరలు పొరలుగా ఊడి చేతికొస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా ఆ సందు అలాగే ఉన్నా ఫరవాలేదు.

అసలు ఇలాంటి పార్కులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఇంగ్లండ్‌లో 1847లో బిర్కెన్‌హెడ్ పార్కు తెరిచారు. జోసెఫ్ పాక్స్‌టన్ గీశాడు, డబ్బు ప్రజలది, గేటు అందరికీ. చెరువు తవ్విన మట్టితోనే గుట్టలు చేశారు. 1850లో దాన్ని చూసిన ఓమ్‌స్టెడ్ అనే యువకుడు, ఎనిమిదేళ్ళ తర్వాత కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కు నమూనా గీశాడు. ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, వాళ్ళు చెట్లు పెట్టారు, అలాగే కొన్ని చోట్ల కావాలనే పెట్టకుండా వదిలారు. ఆ ఖాళీ కూడా గీసిందే. మనకు ఖాళీ కనబడగానే చెయ్యి ఊరుకోదు, ఒక మొక్క, ఒక విగ్రహం, ఒక జిమ్ము పెట్టేస్తాం. పెట్టే ముందు పాత మ్యాపులు, పాత ఫొటోలు, చుట్టుపక్కల పెద్దవాళ్ళ జ్ఞాపకాలు వెతకండి. పాత కట్టడాల సంరక్షణ చూసే ఐకోమాస్ అనే అంతర్జాతీయ సంస్థ 1982లో ఆమోదించిన ఫ్లోరెన్స్ చార్టర్ అనే పత్రం ఇలాంటి పాత తోటని బతికున్న కట్టడంగా చూస్తుంది. దానికి కావాల్సిన సరుకు మొక్కలే, అవి చస్తాయి, మళ్ళీ పెంచుకోవచ్చు. ఒకేసారి నాటిన చెట్లు ఒకేసారి ముసలివవుతాయి కాబట్టి, పెద్దవి నిలబడి ఉండగానే వాటి వారసుల్ని కొన్నేళ్ళకు కొన్ని చొప్పున నాటుకుంటూ రావాలి.

పార్కు కోసం గొడవ పడటం కూడా చూసుకోవడంలో భాగమే. న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్ మధ్యలోంచి రోడ్డు వేస్తామంటే 1950ల్లో షర్లీ హేస్ లాంటి తల్లులు ఏళ్ళ తరబడి పట్టుబట్టి, చివరికి కార్లనే అందులోంచి బయటికి పంపించారు. అలాంటప్పుడు జనం కలిసొస్తారు. గెలిచిన మర్నాటి నుంచి రోజూ ఎవరు చూస్తారనేదే నాకు టెన్షన్. సెంట్రల్ పార్కు 1970ల్లో బాగా పాడైపోయింది, పచ్చిక పోయి మట్టి తేలింది, బెంచీలు విరిగాయి. 1980లో పౌరులు కలిసి సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ పెట్టుకున్నారు. తర్వాత వాళ్ళు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది, పార్కును చిన్న చిన్న ముక్కలుగా పంచి ఒక్కో ముక్కకి ఒక్కో తోటమాలిని బాధ్యుణ్ణి చేయడం. అందరిదీ అన్నప్పుడు ఎవరికీ పట్టదు, ఈ మూల ఫలానా ఆవిడది అంటే ఆవిడకి అక్కడ రాలిన ఆకు కూడా గుర్తుంటుంది.

మనమూ అదే చేద్దాం, కాకపోతే రెండు మాటలు మనసులో పెట్టుకోండి. మనం చీపురు పట్టామని నగరపాలక సంస్థ చీపురు దించేయకూడదు. నీళ్ళు, దీపాలు, జీతానికి పనిచేసే తోటమాలి, ఇవి వాళ్ళ బాధ్యత, ఏ పని ఎవరిదో కాగితం మీద రాయించుకోవాలి. రెండోది చెప్పడం కొంచెం కష్టం. ఎక్కువ శ్రమపడిన వాళ్ళకి మెల్లగా ఈ పార్కు మాది అనిపిస్తుంది. అప్పుడు గేటుకి తాళం, బెంచీ మధ్యలో కడ్డీ, పిల్లలు ఆడకూడదని బోర్డు వస్తాయి. మధ్యాహ్నం పని కాస్త ఆపి కాసేపు నడుం వాల్చే మనిషికి ఈ పార్కు మనకంటే ఎక్కువ అవసరం. ఆయనకి ఇబ్బంది కలిగే పని ఏదైనా చేయాలనుకుంటే ముందు నాతో గొడవ పడాల్సి ఉంటుంది.

సరే, మీ పని. ఒక్కొక్కరూ ఒక్క చోటు ఎంచుకోండి, చెట్టో, బెంచీయో, గోడలో పది అడుగులో. వారానికోసారి వచ్చి పుస్తకంలో రాయండి. ఎండ ఎప్పుడు పడుతోంది, వాన తర్వాత నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, చిగురు ఎప్పుడు వేసింది, జనం కాలిబాట వదిలి ఎటు అడ్డంగా నడుస్తున్నారు. చెట్టు తీసుకున్నవాళ్ళు నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలత రాసి తేదీ వేయండి, వచ్చే ఏడు ఇదే నెలలో మళ్ళీ అక్కడే కొలవాలి. టేపు నా దగ్గరుంది. గేటు పక్క చెట్టుతో మొదలుపెడదాం, ఎండ ముదరకముందే లేవండి.