పాత పికప్ కొంటున్నారా? బానెట్ ఎత్తకముందు బండి కిందికి వంగండి
(చెన్నై మాధవరంలో తెలుగు చిరు వ్యాపారుల సమావేశంలో ఒక మెకానిక్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట కొట్లు కట్టేసి మరీ వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పాత పికప్ నమ్మొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. పికప్ అంటే టాటా ఏస్, దోస్త్, బొలెరో పికప్ అన్నీ కలిపే చెబుతున్నాను. నా జవాబు ఏమిటంటే, పదేళ్ళ బండిని కూడా నమ్మొచ్చు. కానీ అంతకంటే ముందు మీరు ఏ సరుకు వేస్తారో నాకు చెప్పాలి. కోయంబేడు నుంచి తెల్లవారుజామున పూలు తెచ్చే మనిషికి బండి ఒక్క పూట ఆగినా నష్టమే. మధ్యాహ్నానికి పూలు వాడిపోతాయి, రోజూ కొనే ఖాతాదారు ఇంకో కొట్టు చూసుకుంటాడు. అదే ప్లైవుడ్ అమ్మే ఆయన బండి రెండు రోజులు షెడ్డులో ఉన్నా "ఎల్లుండి పంపిస్తాను సార్" అంటే గడిచిపోతుంది. బండి అదే, రేటు అదే. ఒకరికి లాభం, ఇంకొకరికి రోజూ టెన్షన్. కాబట్టి పాలు, పూలు, చేపల వ్యాపారంలో ఉన్నవాళ్ళకు ఉన్నది ఒక్క బండే అయితే, మరీ పాతది వద్దనే చెబుతాను. కొనక తప్పదంటే, అవసరానికి వెంటనే అద్దె బండి పంపే మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇంకో మాట. మూడు లక్షలకు బండి బేరం కుదిరిందనుకుందాం. చేతిలో ఉన్నది మూడు లక్షలే అయితే ఆ బండి మీ స్తోమతకు మించినదే. నా లెక్కలో కొన్న ధరలో అయిదో వంతు మొదటి ఏడాది పనులకు పక్కన పెట్టాలి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు... అమ్మేవాడు ఇవన్నీ మార్చి అమ్మడు. మార్చాల్సి వస్తుందనే అమ్ముతున్నాడు. పాత బండికి కిస్తీ ఉండదు నిజమే, దానికి బదులు ఈ ఖర్చు ఉంటుంది.

బండి చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చేసే మొదటి పని బానెట్ ఎత్తడం, ఇంజిన్ శబ్దం వినడం. ఇంజిన్ గురించి నాకు అంత భయం లేదు. పాడైతే బోరు కొట్టించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మారిస్తే మళ్ళీ నడుస్తుంది. ఎంత ఖర్చవుతుందో ముందే అంచనా వేయొచ్చు. పుదుపేటకు పోతే పాత గేర్‌బాక్సు నుంచి డోరు దాకా దొరుకుతాయి. ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం సంగతి అలా కాదు. దాని మీద కొట్టిన నంబరే ఆర్‌సీలో ఉండే ఛాసిస్ నంబరు. ఆ ఛాసిస్‌ను తుప్పు తిన్న రోజున బండి పనైపోయినట్టే.

అందుకే గోనెసంచి ఒకటి పట్టుకెళ్ళి, నేల మీద పరుచుకుని, బండి కింద పడుకోండి. టార్చిలైటు వేసి చూడండి. చిన్న స్క్రూ డ్రైవరుతో అక్కడక్కడా పొడవండి. పైపై తుప్పయితే రాలి కింద ఇనుము గట్టిగా తగులుతుంది. పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తున్నా, స్క్రూ డ్రైవరు లోపలికి దిగినా అక్కడితో బేరం ఆపేయండి. కింద మొత్తం కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే నాకు ముందు వచ్చేది అనుమానమే. పదేళ్ళ బండి కింద అంత శుభ్రంగా ఎందుకుంటుంది?

మన ఊరు సముద్రం ఒడ్డున ఉంది. అందులోనూ కాసిమేడు హార్బరులో చేపలు మోసిన బండి అయితే మరీ జాగ్రత్త. ఐసు కరిగి, ఉప్పునీళ్ళు కలిసి వెనక తొట్టి సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారుతూనే ఉంటాయి. పైన టింకరింగ్ చేయించి రంగు వేస్తే పెళ్ళికొడుకులా ఉంటుంది, తొట్టి కింద ఉన్న అడ్డ కమ్మీలు మాత్రం చేత్తో గీరితే రాలతాయి. వాసన పోగొట్టడానికి ఏం పూసినా ఎండలో ఒక గంట నిలబెడితే తెలిసిపోతుంది.

వాటర్ క్యాన్ల బండ్ల విషయం కూడా చెప్పాలి. చెన్నైలో ఇంటింటికీ క్యాన్లు వేసిన ఏస్‌లు అమ్మకానికి చాలా వస్తాయి. మొదట్లో వచ్చిన ఏస్ మోయగలిగేది 750 కిలోలు. ఒక క్యానులో నీళ్ళే 20 కిలోలు. అంటే 37 క్యాన్లకే లోడు నిండిపోతుంది. రోడ్డు మీద మీరు చూసే బండ్లలో ఎన్ని పేర్చి ఉంటాయో ఈసారి లెక్కపెట్టండి. ఎం-శాండ్ (రాళ్ళు పిండి చేసిన ఇసుక), ఇటుకలు, టైల్స్ మోసిన బండ్ల కథా ఇదే.

ఓవర్ లోడు ఎక్కడ బయటపడుతుందంటే వెనక కమాన్ కట్టల దగ్గర, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టల దగ్గర. ఖాళీ బండికి కట్టలు విల్లులా వంగి ఉండాలి. చదునుగా ఉన్నాయంటే అలిసిపోయాయని అర్థం. కొన్నింటికి అదనంగా ఒకటి రెండు పట్టీలు వేయించి ఉంటారు. "స్ట్రాంగ్‌గా ఉంటుందని వేయించానన్నా" అంటాడు అమ్మేవాడు. కట్ట గట్టిపడితే గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కే తగులుతుంది. కట్టలు ఛాసిస్‌కు బిగించే చోట వెల్డింగు మచ్చలు, సన్నని పగుళ్ళు వెతకండి. వెనక టైర్లు లోపలి వైపు మాత్రమే అరిగి ఉంటే యాక్సిల్ గొట్టం వంగిందేమో చూపించుకోవాలి. బిస్కెట్లు, దూది, పార్శిళ్ళు మోసిన బండి పదేళ్ళదైనా సరే, ఇసుక మోసిన నాలుగేళ్ళ బండి కంటే దానికే నా ఓటు. మీటరు రీడింగుకు నేను పెద్దగా విలువ ఇవ్వను. క్లచ్ పెడల్ రబ్బరు, డ్రైవరు సీటు నిజం చెబుతాయి.

వరదల గురించి చెన్నైలో ఉన్న మీకు వేరే చెప్పాలా? 2015 డిసెంబరు, మళ్ళీ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను. మునిగిన బండ్లన్నీ స్క్రాపుకు పోలేదు, చాలావరకు కడిగి, ఆరబెట్టి, చేతులు మార్చారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. పైన శుభ్రంగా ఉన్నా చుట్టలో లోపలున్న భాగానికి బురద గీత ఉంటుంది. సీటు జరిపే పట్టాల తుప్పు, డాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము, హెడ్‌లైటు లోపల సన్నటి మట్టి కూడా చూడండి. మునిగిన బండికి ఇంజిన్ బాగున్నా వైరింగు మిమ్మల్ని వదలదు. ఇవాళ హారను, రేపు సెల్ఫ్, ఎల్లుండి ఇంకొకటి.

ఇక ఇంజిన్ పరీక్ష. నేను వచ్చేదాకా స్టార్టు చేయవద్దని అమ్మేవాడికి ముందే చెప్పి, పొద్దున్నే వెళ్ళండి. వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశాడో అడగండి. చల్లటి ఇంజిన్ ఒకటి రెండు సెల్ఫ్‌లకు అందుకోవాలి. నీలం పొగ వస్తుంటే ఆయిల్ తాగుతోంది. నల్ల పొగ అయితే ఇంజెక్టరో, ఎయిర్ ఫిల్టరో. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ చూడాలి. నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ కొడుతోందా, అది బ్యాక్ కంప్రెషన్. బోరు పని దగ్గర్లోనే ఉంది. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి, ఇస్తే తీసుకోండి.

బీఎస్4 మంచిదా, బీఎస్6 మంచిదా అని కూడా అడుగుతున్నారు. బండి వదిలే పొగ మీద ప్రభుత్వం పెట్టిన పరిమితులే ఈ బీఎస్‌లు. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6. బీఎస్6 డీజిల్ బండికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. కొంతసేపు ఆగకుండా వేగంగా పరిగెడితేనే ఆ మసి లోపలే కాలిపోతుంది. షావుకారుపేట సందుల్లో ఆగి ఆగి తిరిగే బండికి ఆ అవకాశం ఎక్కడిది? ఫిల్టరు మూసుకుపోతుంది, డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, బిల్లు పెద్దది వస్తుంది. రోజంతా ఊళ్ళోనే తిరిగేవాళ్ళకు, బాగా చూసుకున్న బీఎస్4 బండి అయితే నయమని నా అభిప్రాయం. నెల్లూరు, తడ వైపు రోజూ హైవే మీద పోయేవాళ్ళకు బీఎస్6తో ఇబ్బంది లేదు. సీఎన్‌జీ బండి అయితే సిలిండరుకు మూడేళ్ళకోసారి చేయించే పరీక్ష సర్టిఫికెట్ అడగండి. చాలామంది దగ్గర ఉండదు.

మోడళ్ళ గురించి ఎక్కువ చెప్పను. బొలెరో పికప్, ఏస్, దోస్త్... ఈ మూడింటికీ సామాను ప్రతి సందులోనూ దొరుకుతుంది, చేసే మెకానిక్కులూ ఉన్నారు. ఇసుజు డీ-మ్యాక్స్ మన పక్కనే శ్రీసిటీలో తయారవుతుంది, బండి గట్టిది, కానీ సామాను ఖరీదెక్కువ. తయారీ ఆగిపోయిన మోడల్ ఎంత చవకగా వచ్చినా వద్దు.

చివరగా కాగితాలు. వాణిజ్య వాహనానికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ, అంటే బండి ఫిట్‌గా ఉందన్న సర్టిఫికెట్ చేయించాలి. ఎఫ్‌సీ ఇంకో నెలలో అయిపోతుందనగా అమ్ముతున్నాడంటే, దాన్ని పాస్ చేయించే ఖర్చు మీ నెత్తిన పెడుతున్నాడు. ఎఫ్‌సీ చేయించి ఇమ్మనండి, కావాలంటే ఇంకో పదివేలు ఎక్కువివ్వండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు తేదీలు, చలాన్లు చూసుకోండి. ఆర్‌సీలో ఫైనాన్సు పేరు ఉంటే లోను తీరిందన్న నోటిమాట చాలదు, ఫైనాన్సు కంపెనీ సంతకం చేసిన ఫారం 35 చేతికి రావాలి.

మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒకటి. చిత్తూరులో బావమరిది దగ్గర చవకగా వచ్చిందని ఆంధ్రా నంబరు బండి తెచ్చి ఇక్కడ ఏళ్ళ తరబడి తిప్పుతుంటారు. ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. దానికి పాత ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి పన్ను, తిరుగుడు ఉంటాయి. ఇవన్నీ కలిపి చూసుకుంటే చవక ఎంత మిగులుతుందో లెక్క వేయండి.

మీ పాత బండి అమ్మేటప్పుడూ పేరు మార్పిడి అయ్యేదాకా వదలకండి. ఆర్‌సీలో పేరున్నవాడే ఓనరు, యాక్సిడెంటు అయితే నష్టపరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కొనేటప్పుడు ఇదే అటు తిప్పండి. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక కూడా కొంత డబ్బు ఆపి, ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చాకే ఇవ్వండి. ఇన్సూరెన్సు మార్పుకు 14 రోజుల్లోపు కంపెనీకి రాసివ్వాలి, అది మర్చిపోకండి.

నా బండి బయటే ఉంది. కమాన్ కట్టలు, ఛాసిస్ ఎలా చూడాలో తెలుసుకోవాలనుకున్నవాళ్ళు రండి, గోనెసంచి కూడా తెచ్చాను. ప్రశ్నలేవైనా ఉంటే అక్కడే మాట్లాడుకుందాం.