బండి షెడ్డులోనే ఉంది, ఖర్చు మాత్రం నడుస్తోంది

అందరికీ నమస్కారం.

ఈ పూట ఒకే ఒక్క బండి గురించి మాట్లాడుకుందాం. ఫెరారీ ఎఫ్355. 1994 నుంచి 1999 దాకా తయారైంది, పదకొండు వేల పైచిలుకు బండ్లు బయటికొచ్చాయి. సీట్ల వెనకాల మూడున్నర లీటర్ల వీ8 ఇంజను, సిలిండరుకు ఐదేసి వాల్వులు, 8,250 ఆర్‌పీఎం దగ్గర 380 హార్స్‌పవరు. పాత సూపర్‌కార్లన్నిటినీ ఒకే గాటన కట్టి చెబితే ఎవరికీ పనికిరాదు. ఒక్కదాన్ని విప్పి చూస్తే మిగతావాటి లెక్క మీరే వేసుకోగలరు.

హైదరాబాద్‌లో ఉన్న బావమరిదికి ఒకటి పంపిద్దామనుకునేవాళ్లకు ముందే ఒక మాట. వాడిన కారును భారతదేశానికి దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్లలోపుదై ఉండాలి, స్టీరింగు కుడివైపు ఉండాలి. ముప్పై ఏళ్ల బండికి ఆ దారి మూసుకుపోయినట్టే. కాబట్టి ఇది ఇక్కడ కాలిఫోర్నియాలో ఉన్న మన తలనొప్పి. లెక్కలన్నీ డాలర్లలోనే చెబుతాను.

ముందు పెద్ద ఖర్చు సంగతి తేల్చేద్దాం. ఇంజను వాల్వులను సమయానికి తెరిచి మూసేవి రెండు రబ్బరు టైమింగ్ బెల్టులు. వీ ఆకారంలో ఉన్న ఇంజనులో ఒక్కో వైపుకు ఒక్కోటి. బెల్టు తెగినా, పళ్లు జారినా వాల్వులు పైకొచ్చే పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. అక్కడితో ఇంజను విప్పాల్సిందే. ఆ బెల్టుల ధర అసలు లెక్కలోకే రాదు. చిక్కంతా అవి ఉన్న చోటుతో వచ్చింది. ఇంజను ముందు భాగంలో, క్యాబిన్ వెనక గోడకు ఆనుకుని ఉంటాయి. చెయ్యి దూర్చే సందు కూడా ఉండదు. అందుకే ఇంజను దించాలి. దీని తర్వాత వచ్చిన 360 మోడెనాలో ఫెరారీవాళ్లు సీట్ల వెనక ఒక మూత పెట్టారు. అది విప్పితే బెల్టులు చేతికందుతాయి. ఎఫ్355కి ఆ భాగ్యం లేదు.

దించడం అంటే పైకి లాగడం కాదు. ఆయిలు, కూలెంటు తీసేస్తారు. ఇంధనం పైపులు, వైరింగు కనెక్టర్లు, కేబుళ్లు, బ్రేకు గొట్టాలు ఒక్కొక్కటే విడదీసి గుర్తులు కడతారు. ఇంజను, గేరుబాక్సు, వెనక సస్పెన్షను అన్నీ ఒకే సబ్‌ఫ్రేమ్ (బాడీకి బోల్టులతో బిగించిన విడి చట్రం) మీద ఉంటాయి. దాని కింద బల్ల పెట్టి, బోల్టులు విప్పి, లిఫ్టుతో బండి బాడీని పైకెత్తుతారు. ఇంజను కింద బల్ల మీదే మిగిలిపోతుంది. ఇంత తతంగం వెళ్లిరావడానికి సుమారు 30 గంటలు వేసుకోండి. గంటకు 200 డాలర్ల చొప్పున కూలీయే 6,000. అందులో ఇంకా ఒక్క విడిభాగం కూడా లేదు.

అసలు తెలివి ఇక్కడ చూపించాలి. ఇంజను బల్ల మీద ఉండగా ఏమేం మార్చాలి? ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడకండి. బెల్టులతో పాటు వాటిని బిగువుగా ఉంచే రెండు టెన్షనర్ బేరింగులు తప్పనిసరి. నిజం చెప్పాలంటే బెల్టు కన్నా ముందు బేరింగే ఇబ్బంది పెడుతుంది. లోపలి గ్రీజు ఎండిపోయి గరగరమంటుంది, వేడెక్కుతుంది, చివరికి పట్టేసి బెల్టును తెంపుతుంది. వాల్వులను నొక్కి తెరిచే క్యామ్‌షాఫ్టుల దగ్గర ఆయిలును ఆపే క్యామ్ సీళ్లు కూడా మార్చాలి. అవి కారితే ఆయిలు బెల్టు మీద పడి రబ్బరు ఉబ్బుతుంది. వాటర్ పంపు సీళ్లు, కూలెంటు గొట్టాలన్నీ, ఎనిమిది స్పార్కు ప్లగ్గులు, వాల్వు కవర్ల గాస్కెట్లు, ఇంజను మౌంట్లు ఒకసారి చూసుకోవాలి. ఇంధనం గొట్టాల దగ్గర మాత్రం ఏ రాజీ వద్దు. రబ్బరు గట్టిపడి, బిగించిన క్లిప్పు దగ్గర నెర్రె విచ్చి, వేడి ఎగ్జాస్టు పక్కన పెట్రోలు చెమర్చడం మొదలైతే బండి మంటల పాలవుతుంది. కొత్త గొట్టాలు వేయడానికి వందల్లో పోతుంది, అంతే.

బెల్టులు బిగించాక పాత గుర్తుల ప్రకారం పెట్టేసి మూసేసే గ్యారేజీలు ఉన్నాయి. మంచి మెకానిక్ డయల్ గేజీ, డిగ్రీ వీలు అనే కొలత పరికరాలు పెట్టి నాలుగు క్యామ్‌షాఫ్టుల కోణాలను కొలుస్తాడు. బిల్లులో ఆ పని విడిగా రాశారో లేదో అడిగి చూడండి.

మరి ఇదంతా ఎన్నేళ్లకోసారి? మూడేళ్లని ఒకరంటారు, ఐదేళ్లని ఇంకొకరంటారు. ఆ వాదన ఎప్పటికీ తెగదు. నా అభిప్రాయం అడిగితే, పోయినసారి బేరింగులూ సీళ్లూ మార్చినట్టు బిల్లుండి, ఇంజను ఎక్కడా ఆయిలు కారకుండా పొడిగా ఉంటే ఐదేళ్లు. బిల్లు లేకపోతే కొన్న వారమే. "తక్కువ తిరిగింది కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు. కదలకుండా నిలబెట్టిన బండిలో బెల్టు పుల్లీ చుట్టూ అదే వంపులో నెలల తరబడి ఉండిపోతుంది. సీళ్లకు ఆయిలు తగలక ఎండిపోతాయి.

ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతాను, రాసుకోండి. ఏడాదికి 2,000 మైళ్లు తిప్పేవాళ్లు. గ్యాలనుకు 13 మైళ్లు, ప్రీమియం పెట్రోలు గ్యాలను 5 డాలర్లు అనుకుంటే ఇంధనానికి 770. ఇంజను దించే పనికి 10,000 అనుకుని ఐదేళ్లకు పంచితే ఏటా 2,000. ఏడాదికోసారి ఆయిలు, ఫిల్టరు, తనిఖీ కలిపి 1,000. టైర్లకు ఏటా 200. ఊహించనివాటికి 3,000 పక్కన పెట్టండి. ఇన్సూరెన్సు కాకుండానే దాదాపు 7,000 అయింది. మైలుకు మూడున్నర డాలర్లు. అదే బండిని 500 మైళ్లే తిప్పారనుకోండి, తగ్గేది పెట్రోలు ఒక్కటే. మైలు ఖర్చు దాదాపు 13 డాలర్లకు ఎగబాకుతుంది. దాచుకుంటే మిగులుతుందనుకోవడం భ్రమ.

ఆ "ఊహించనివి" అన్న మూడు వేలు ఎటు పోతాయో చూద్దాం. ఇంజను నుంచి పొగను బయటికి తెచ్చే ఎగ్జాస్టు మానిఫోల్డులు ఈ బండికి పాత జబ్బు. పల్చటి గొట్టాలు, వాటి మీద వేడి ఆపే తొడుగు. గొట్టం లోపల ఎక్కడ చిట్లిందో తొడుగు విప్పేదాకా కనబడదు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినండి. టిక్ టిక్ మని చప్పుడొచ్చి, వేడెక్కాక లోహం వ్యాకోచించి ఆగిపోతే అనుమానించండి. చిట్లిన చోటు నుంచి బయటి గాలి లోపలికి చేరితే ఆక్సిజన్ సెన్సరు మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని పొరబడుతుంది, కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులోకి (పొగను శుభ్రం చేసే డబ్బా) చేరి దాన్ని కాల్చేస్తుంది. ఒక చిన్న నెర్రె వల్ల రెండు ఖరీదైన భాగాలు పోతాయన్నమాట. మానిఫోల్డు విప్పేటప్పుడు తుప్పు పట్టిన స్టడ్డులు విరగడం మామూలే. ఆ ఖర్చూ కలుపుకోండి.

డ్యాష్‌బోర్డు మీద "స్లో డౌన్" అనే దీపం వెలిగితే గుండె ఆగినంత పనవుతుంది. క్యాటలిటిక్ మితిమీరి వేడెక్కిందని దాని హెచ్చరిక. నిజంగా వేడెక్కి ఉండొచ్చు, కాబట్టి వెలిగిన వెంటనే బండిని పక్కకు తీసి ఆపాలి. అయితే చాలాసార్లు తప్పు ఆ ఉష్ణోగ్రతను చదివే చిన్న కంట్రోలు పెట్టెదే. ఎడమకూ కుడికీ ఒకే రకం పెట్టెలుంటాయి. రెండింటినీ అటూ ఇటూ మార్చి పెట్టి చూడండి. దీపం కూడా రెండో వైపుకు మారితే పెట్టె పోయినట్టు. మారకపోతే సెన్సరునో అసలు వేడినో అనుమానించాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు కాదు. కనెక్టరు పీకేసి దీపాన్ని నోరు మూయించడం మాత్రం చెయ్యకండి.

వాల్వు గైడ్ల (వాల్వు కాడ పైకీ కిందికీ జారే చిన్న గొట్టాలు) మాట చెప్పకుండా ఈ బండి గురించి మాట్లాడకూడదు. చాలా బండ్లలో కంచు గైడ్లు వేశారు. అవి త్వరగా అరుగుతాయి. అరిగితే వాల్వు ఊగుతుంది, సీటు మీద సరిగ్గా కూర్చోదు, ఆయిలు తాగుతుంది. బాగు చేయాలంటే సిలిండరు హెడ్లు విప్పి 40 గైడ్లు మార్చాలి. ఇంజను దించే పని ఖర్చు దీని ముందు చిన్నబోతుంది. అందుకే కొనేముందు లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. ఒక్కో సిలిండరులోకి గాలి ఎక్కించి ఎంత శాతం కారిపోతోందో కొలుస్తారు. ఐదు శాతం లోపైతే హాయిగా నిద్రపోవచ్చు. పది దాటితే గాలి ఎటు పోతోందో వినాలి. సైలెన్సరులో బుస్సుమంటే ఎగ్జాస్టు వాల్వు, ఆయిలు మూత దగ్గరైతే పిస్టన్ రింగులు. ఎనిమిది సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాసిమ్మని అడగండి. "అన్నీ బాగున్నాయి" అన్న నోటిమాటకు విలువ లేదు.

క్లచ్చు విషయంలో మాత్రం మంచి కబురు. అది గేరుబాక్సు వెనకవైపు ఉంటుంది కాబట్టి ఇంజను దించకుండానే మారుతుంది. మార్చేటప్పుడు ఫ్లైవీలులో గ్రీజు ఉందో కారిపోయిందో, రిలీజు బేరింగు సీళ్లు చెమ్మగిల్లాయో చూడమనండి. 1997 నుంచి వచ్చిన ఎఫ్1 గేరు బండ్లలో (క్లచ్చు పెడలు లేకుండా స్టీరింగు వెనక మీటలతో గేరు మార్చేవి) హైడ్రాలిక్ పంపు, దాన్ని ఆన్, ఆఫ్ చేసే రిలే స్విచ్చు అదనపు బెడద. రిలే ఇరుక్కుంటే పంపు ఆగకుండా తిరిగి కాలిపోతుంది. చవకైన రిలేను ముందే మార్చేయడం మేలు. ఎత్తు మీద ట్రాఫిక్‌లో కొద్దికొద్దిగా పాకించడం, రివర్సులో గ్యారేజీ ర్యాంపు ఎక్కించడం, ఈ రెండూ ఎఫ్1 క్లచ్చును తినేస్తాయి.

టైర్లు ముందు 225/40, వెనక 265/40, అన్నీ 18 అంగుళాలే. పళ్లు నిండుగా ఉన్నాయని మురిసిపోకండి. పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే పళ్లెంత ఉన్నా తీసేయాలి. రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. లోపల డ్యాష్‌బోర్డు మీట జిగురుగా అంటుకుంటోందా? ఆ కాలపు ప్లాస్టిక్ పూత కరుగుతోంది. ఆల్కహాలుతో తుడిస్తే జిగురు పోతుంది, దాంతో పాటు మీట మీది అక్షరాలూ పోతాయి. కొత్త పూత వేసేవాళ్లకు పంపడమే దారి.

ఇక స్మాగ్, అంటే పొగ కాలుష్యం పరీక్ష. కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు బండికి, మరీ కొత్తదైతే తప్ప, రెండేళ్లకోసారి తప్పదు. 1999 దాకా వచ్చిన మోడళ్లకు పొగగొట్టం పరీక్ష కూడా ఉంటుంది కాబట్టి ఎఫ్355లన్నీ అందులోకే వస్తాయి. చప్పుడు కోసం క్యాటలిటిక్ తీసేసిన బండి కొంటే అసలువి కూడా ఇమ్మని పట్టుబట్టండి. బయట కొనే క్యాటలిటిక్‌కు ఈ రాష్ట్రం అనుమతి నంబరు లేకపోతే పొగ శుభ్రంగా ఉన్నా ఫెయిలే. 1996 నుంచి వచ్చిన బండ్లకు ఇంకో కిటుకుంది. బ్యాటరీ దిగిపోయినా, తీసి పెట్టినా కంప్యూటరు తన తనిఖీల ఫలితాలన్నీ మరిచిపోతుంది. వెంటనే స్మాగ్‌కు తీసుకెళ్తే వెనక్కి పంపేస్తారు. ముందు కొన్ని రోజులు చల్లటి స్టార్టుతో మొదలుపెట్టి ఊళ్లోనూ ఫ్రీవే మీదా తిప్పండి. ఈ గొడవంతా లేకుండా షెడ్డులో ఉన్నన్ని రోజులూ బ్యాటరీకి సన్నగా ఛార్జి ఎక్కించే మెయింటెయినర్ తగిలించి ఉంచండి.

ఇన్సూరెన్సు ఒక్క ముక్కలో చెబుతాను. ఒప్పుకున్న విలువ రాసిచ్చే పాలసీ తీసుకోండి. మామూలు పాలసీలో తరుగుదల తీసేసి ఇస్తారు. ఏడాదికి ఎన్ని మైళ్లని షరతు పెట్టారో సంతకానికి ముందు చదువుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. స్పైడర్ (పైకప్పు మడిచే రకం ఎఫ్355) టాపు గురించి అడగాలనుకునేవాళ్లు కాస్త ఆగండి. సీటు ఎక్కడుందో చెప్పే పొటెన్షియోమీటరు పాడైతే టాపు సగంలో ఎందుకు నిలిచిపోతుందో బోర్డు మీద బొమ్మ గీస్తే గానీ అర్థం కాదు.