కౌన్సిల్ ఇంటి పాట

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీదున్న పెద్దలకీ, తెల్లారకముందే లేచి పచ్చడి కలిపిన ఆడపడుచులకీ, రెండు బస్సులు మారి లండన్‌లో ఈ ఈస్ట్ హామ్ దాకా వచ్చిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా నమస్కారాలు. పరదేశంలో మన పండుగల గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకిచ్చిన పది నిమిషాల్లో ఇంటి గురించి చెబుతాను. నిర్వాహకులు క్షమించాలి.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా పంచాయతీ చెరువుకి పాట పెట్టేవాళ్లు. ఎవరు ఎక్కువ పాడితే చెరువు వాళ్లది. బిడ్ అంటే నాకు తెలిసింది అదే.

ఈ దేశంలో ఐదేళ్లు నిండి, ఐఎల్ఆర్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి వచ్చాక, కౌన్సిల్ ఇంటికి, అంటే స్థానిక ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే ఇంటికి అప్లై చేశాం. అప్పుడు ఈ పక్క కాదు, వేరే ఊళ్లో ఉండేవాళ్లం. ఒక్క గదిలో నలుగురం. గోడంతా బూజు, చిన్నదానికి ఆయాసం. పాస్‌పోర్టులు, పే స్లిప్పులు, అద్దె కాగితం, డాక్టర్ ఇచ్చిన ఉత్తరం, అన్నీ జతచేశాం. కొన్నాళ్లకి జవాబు వచ్చింది. మీ పేరు రిజిస్టర్‌లో చేరింది, మీ అవసరాన్ని బట్టి మీది బ్యాండ్ బి అనే వరుస, ఇది మీ బిడ్డింగ్ నంబరు అని. మా ఆయన అది చదివి, "పాట పాడటానికి మన దగ్గర డబ్బెక్కడిది? వంతు వచ్చినప్పుడు వాళ్లే పిలుస్తారులే" అన్నారు. నేనూ నమ్మాను. ఊళ్లో ఇళ్ల స్థలానికి అర్జీ పెడితే లిస్టులో పేరు పడేదాకా చూస్తాం కదా, అలాగే కూర్చున్నాం.

14 నెలలు కూర్చున్నాం.

తర్వాత ఇంకో ఉత్తరం. ఇన్నాళ్లలో ఒక్క బిడ్ కూడా పెట్టలేదు, ఇల్లు అవసరం లేదనుకుని మీ పేరు తీసేశాం అని. అమ్మా, ఆ రోజు వంటగదిలో నేలమీద కూర్చుని ఏడ్చాను. మర్నాడు లైబ్రరీలో ఒకావిడ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఏ ఇల్లు ఏ బ్యాండ్ వాళ్లకి, ఏ తేదీన రిజిస్టర్‌లో చేరినవాళ్లకి వెళ్లిందో చూపించింది. మాకు మూడు వీధుల అవతల రెండు గదుల ఫ్లాట్ బ్యాండ్ బి వాళ్లకే వెళ్లింది. వాళ్లు రిజిస్టర్‌లో చేరింది మా తర్వాతే. ఒక్క బటన్ నొక్కి ఉంటే ఆ ఇల్లు మాది అయ్యేది. దానికి ఒక్క పైసా కట్టక్కర్లేదని మాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇవాళ నేను చెబుతున్నాను.

ఇలా ఇళ్లకి బిడ్ పెట్టే పద్ధతి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో పుట్టి, 2001 ప్రాంతంలో ఇంగ్లండ్‌కి వచ్చింది. అంతకుముందు ఆఫీసరే ఇల్లు ఎంచి ఇచ్చేవాడు. ఇప్పుడు ఖాళీ ఇళ్లని ప్రకటిస్తారు: ఎన్ని గదులు, ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, అద్దె ఎంత అని. మనకి కావాల్సిన దాని మీద బిడ్ నొక్కాలి. అంటే 'ఈ ఇంటికి నా పేరు కూడా చూడండి' అని చెప్పడం, అంతే. గడువు ముగిశాక సాధారణంగా ముందు బ్యాండ్ చూస్తారు, ఒకే బ్యాండ్‌లో ఎవరి తేదీ పాతదో చూస్తారు. మొదటి రోజు నొక్కినా చివరి రోజు నొక్కినా మామూలుగా తేడా లేదు. కాబట్టి అర్ధరాత్రి లేచి కూర్చోకండి, ఆ టెన్షన్ వద్దు. కొన్ని చోట్ల బ్యాండ్లకి బదులు పాయింట్లు ఉంటాయి. రూల్స్ కౌన్సిల్‌ని బట్టి మారతాయి. ఎన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉన్నారో కూడా చాలా చోట్ల అడుగుతారు.

తేలిగ్గా దొరుకుతుందని నేను అనను. 2024 లెక్కల్లో ఇంగ్లండ్‌లో 13 లక్షలకు పైగా కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. అందుకే బిడ్ పెట్టకుండా పోయిన ప్రతి వారం నాకు గుండెకోత.

స్టూడెంట్ వీసా, వర్క్ వీసా మీదున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఒక మాట. మీ వీసాలో 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు ఉందా చూసుకోండి. ఉంటే ఎవరి మాటా విని ఈ ఫారం నింపకండి, వీసాకే ముప్పు. ముందు షెల్టర్‌నో సిటిజన్స్ అడ్వైస్‌నో అడగండి, అవి సలహా ఇచ్చే సేవాసంస్థలు, డబ్బు తీసుకోరు.

అర్హత ఉన్నవాళ్లు మాత్రం బిడ్డ పుట్టినా, జబ్బు చేసినా, ఇల్లు మారినా ఆ వారమే కౌన్సిల్‌కి రాయండి. పరిస్థితి మారితే బ్యాండ్ మారొచ్చు. ఏటా రెన్యువల్ అడిగితే మానకండి. పేరు తీసేస్తే రివ్యూ అడిగే హక్కు ఉంది. గడువు ఉత్తరంలోనే ఉంటుంది. మేం అడిగాం. పేరు మళ్లీ చేర్చారు కానీ పాత తేదీ ఇవ్వలేదు. ఆ 14 నెలలు పోయినట్టే. ఆ తర్వాత నాలుగేళ్లకి ఇల్లొచ్చింది. అప్పటికి మా చిన్నది ఇన్‌హేలర్ లేకుండా బడికి వెళ్లేది కాదు.

పంతులుగారు పంచాంగానికి సిద్ధంగా ఉన్నారు, నేను ముగిస్తాను. భోజనాలయ్యాక తలుపు పక్క బల్ల దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. సిగ్గుపడొద్దు, మీ ఉత్తరాలు, లాగిన్ తెచ్చుకోండి. ఇవాళ బిడ్ పెట్టాల్సినవాళ్లు ముందు రండి.