శాన్‌ఫ్రాన్సిస్కో టు అనంతపురం: నిజంగా ఎన్ని గంటలు?

అందరికీ నమస్కారం. ఊర్లో పెద్దోళ్లు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఇదే కాబట్టి, ఈరోజు వీడియో మొత్తం ప్రయాణం లెక్కే.

టికెట్ మీద టైములు చూసి తీసివేత చేయొద్దు. ఎక్కే టైము ఇక్కడిది, దిగే టైము మనది. 2021 జనవరిలో ఎయిరిండియా తొలి శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు నాన్‌స్టాప్ 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో లేచి, 11న తెల్లవారుజామున దిగింది. చలికాలంలో ఇక్కడి టైముకు 13న్నర గంటలు కలపాలి. అంటే అది లేచేటప్పటికే మనకు 10వ తేదీ పొద్దున పది. గాల్లో ఉన్నది 17 గంటల పైచిలుకే. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబరు దాకా 12న్నర కలపాలి. ఉగాది పొద్దున ఆరుకు మీరు ఓళిగలకు పొయ్యి వెలిగిస్తే, ఇక్కడ ముందురోజు సాయంత్రం ఐదున్నర. పండగ మాకంటే ముందే మీకు మొదలైపోతుంది, ఆ ఒక్కటీ మాత్రం ఎన్నేళ్లయినా అలవాటు కాదు.

దూరం 14,000 కిలోమీటర్లు. గోడ మీద మ్యాపులో గీత గీస్తే అర్థం కాదు, గ్లోబు మీద దారం లాగి పట్టండి. దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. అదే దగ్గరి దారి. గాలి బలంగా వీచేది పడమర నుంచి తూర్పుకు కాబట్టి, బెంగళూరులో లేచిన విమానం పసిఫిక్ మీదుగా వస్తే గంటకు పైగా కలిసొస్తుంది.

దుబాయ్ మీదుగా అయితే 13,000 ఒకటి, 2,700 ఇంకొకటి. గాల్లో దాదాపు 16, తర్వాత 4 గంటలు. మధ్యలో ఆగేది నాలుగనుకోండి. రెండు ముక్కలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. మొదటిది లేటై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత విమాన సంస్థదే. చవకని విడివిడిగా కొంటే ఆ ఖర్చు మీది. అదనపు పెట్టెకు 200 డాలర్లంటే, డాలర్ 85 లెక్కన 17,000 రూపాయలు. పెట్టె ఇంట్లోనే తూకమేసుకోండి, 23 కిలోలు దాటనీయొద్దు.

మన అదృష్టం ఏమంటే ఎయిర్‌పోర్టు దేవనహళ్లి దగ్గర, బెంగళూరుకు ఇవతలే ఉంది. సిటీ ట్రాఫిక్ తగలదు. చిక్కబళ్లాపుర, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ మీదుగా 44వ నంబరు హైవేలో 180 కిలోమీటర్లు, మూడు గంటలు. ఇక్కడ మూడు గంటలు ముందే చేరడం, అక్కడ ఇమిగ్రేషన్, పెట్టెలు అన్నీ కలిపితే దుబాయ్ దారిలో గడప నుంచి గడపకు 32 గంటల దాకా పడుతుంది.

కారు మాట్లాడేటప్పుడు తేదీ జాగ్రత్త. టికెట్లో 11వ తేదీ తెల్లవారుజామున 3:45 అని ఉంటే, డ్రైవరుకు ‘10వ తేదీ రాత్రి భోంచేసి పడుకో, ఒంటిగంటకు బయల్దేరు’ అని చెప్పండి. పెట్టెలు తీసుకుని బయటికొచ్చేటప్పటికి ఐదవుతుంది.