ముందు గ్రాఫ్, తర్వాతే ఫార్ములా

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలు అక్కడే అయిపోతాయి, ఏమనుకోకండి, నేరుగా లెక్కలోకి వెళ్లిపోతా.

పదో తరగతి పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు. ఎక్స్ స్క్వేర్ మైనస్ 6ఎక్స్ ప్లస్ 7 ఈక్వల్ టు జీరో, సాల్వ్ చేయాలి. కారణాంకాలు పడవు. వర్గ సమీకరణాల ఫార్ములా గుర్తు రాలేదు. ఎక్స్‌కి 0 నుంచి 6 దాకా వరసగా వేసుకుంటూ పోయా, ఎడమ వైపు లెక్క విలువలు, వాటినే వై అందాం, 7, 2, మైనస్ 1, మైనస్ 2, మళ్లీ మైనస్ 1, 2, 7 వచ్చాయి, గ్రాఫ్ మీద చుక్కలు పెట్టా. 3 దగ్గర అద్దం పెట్టినట్టు! అడుగు అక్కడే, మైనస్ 2 లోతులో. అక్కడ్నించి పక్కకి 1 జరిగితే పైకి 1, పక్కకి 2 జరిగితే పైకి 4, మరి సరిగ్గా 2 ఎక్కి అక్షాన్ని, అంటే వై సున్నా అయ్యే అడ్డ గీతని, తాకాలంటే పక్కకి రూట్ 2 జరగాలి కదా, అంటే 3 ప్లస్ రూట్ 2, 3 మైనస్ రూట్ 2. ఆన్సర్ కరెక్ట్. మార్కులు సున్నా. ఫార్ములా రాయలేదంట.

ఆ ఎర్ర గీత నాకింకా కనిపిస్తూనే ఉంటుంది. చాలా ఏళ్లకి తెలిసింది, సుమారు 4000 ఏళ్ల కిందట బాబిలోన్ వాళ్లు మట్టి పలకల మీద చేసిన పద్ధతీ ఇదేనని: రెండు సంఖ్యల మొత్తం 6, లబ్ధం 7 అయితే మొత్తంలో సగం 3, దాని వర్గం 9, అందులోంచి 7 తీస్తే 2, దాని వర్గమూలం అటూ ఇటూ.

టీచర్లూ, మిమ్మల్నే అడుగుతున్నా. ఆ ఫార్ములా ఏంటంటే మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్ బి స్క్వేర్ మైనస్ 4ఏసీ, మొత్తం బై 2ఏ; ఎక్స్ స్క్వేర్ ముందున్నది ఏ, ఎక్స్ ముందున్నది బి, చివరిది సి. అందులో మైనస్ బి బై 2ఏ అంటే మధ్య గీత, మిగతా రూట్ ముక్క అంటే అటూ ఇటూ దూరం, ఇది పిల్లలకి ఎంతమందిమి చెప్తున్నాం?

ఇంకోటి, పిల్లలు చుక్కల్ని స్కేలుతో కలిపేస్తారు, తిట్టకండి. 2.5 దగ్గర విలువ వేసి చూడమనండి. స్కేలు గీత మీద మైనస్ 1.5 ఉంటుంది, లెక్క వేస్తే మైనస్ 1.75 వస్తుంది, అప్పుడు వాళ్లే స్కేలు పక్కన పెడతారు. ఈ వంపు గీతలో, అంటే పరావలయంలో, సూటి ముక్క ఒక్కటీ లేదని చేత్తో గీస్తేనే తెలుస్తుంది, ఫోన్‌లో యాప్ గీసి చూపిస్తే తెలీదు, నా అనుభవం అది.

వెనక బెంచీల్లో పిల్లలూ, పెన్ను తీయండి. మన సమీకరణంలో 7 తీసేసి 10 పెట్టండి. మధ్య గీత అదే 3. అడుగు ఎక్కడికి వెళ్లింది? ప్లస్ 1కి, అక్షం పైకి. ఇప్పుడు అక్షాన్ని ఎక్కడ తాకుతుందో గీసి చూపించండి, నేను కిందకి దిగొస్తున్నా.