మా ఇంట్లో ఈ వారం ‘పెరి’ వారం | టెక్సాస్ తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశాను. జూలై మొదటి వారం, శనివారం. టైం ఎనిమిది కూడా కాలేదు, బ్యాక్‌యార్డ్‌లో కాలు పెడితే చుర్రుమంటోంది. ఇవాళ్టి వ్లాగ్‌లో వంటలు తక్కువ, ఇంగ్లీష్ ఎక్కువ.

మా పెద్దమ్మాయి వచ్చే సీజన్‌లో నార్త్ సౌత్ ఫౌండేషన్ వాళ్ల వొకాబులరీ పోటీకి వెళ్తానంటోంది. ఇక్కడి మనవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, ఇండియాలో చూస్తున్నవాళ్ల కోసం చెప్తున్నా: 1989లో మొదలైన సంస్థ అది. ఇక్కడి పిల్లలకి స్పెల్లింగ్, వొకాబులరీ, లెక్కల్లాంటి వాటిలో పోటీలు పెట్టి, ఆ డబ్బుతో ఇండియాలో పేద విద్యార్థులకి స్కాలర్‌షిప్పులు ఇస్తారు. టీవీలో వచ్చే స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ పోటీ వేరే. 2024లో అది గెలిచిన బృహత్ సోమ కుటుంబానికి నల్గొండ మూలాలున్నాయి. 2025లో గెలిచిన ఫైజాన్ జకీ మాకు దగ్గర్లోని ఆలెన్ అబ్బాయే. ఇక మా ఏరియాలో ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఏ ఇంటికి పాట్‌లక్‌కి వెళ్లినా అదే టాపిక్. ఆ స్క్రిప్స్ పోటీలో కూడా 2021 నుంచి స్టేజి మీదే అర్థాలు అడుగుతున్నారు. స్పెల్లింగ్ బట్టీ కొట్టేస్తే సరిపోయే రోజులు పోయాయి.

అందుకే ఈ సెలవుల్లో వారానికో ప్రిఫిక్స్, అంటే మాట ముందు తగిలించే ముక్క, పట్టుకున్నాం. ఈ వారం వంతు ‘పెరి’ది. గ్రీకులోంచి వచ్చింది, చుట్టూ అని అర్థం. పాప ముఖం చూపించనండి, చేతులూ నోట్‌బుక్కూ మాత్రమే కనిపిస్తాయి. అది తను పెట్టిన కండిషన్.

ఇదిగో, ఆవిడగారి నోట్‌బుక్. మొదటి లైన్‌లో పెరిమీటర్ ఉంది. మూడో తరగతి లెక్కల్లో వచ్చే చుట్టుకొలతే. తెలిసినదాంతో మొదలుపెట్టమని నేనే అన్నాను. తర్వాత పెరిస్కోప్, సబ్‌మెరైన్‌లో కూర్చుని నీళ్ల పైన చుట్టూ చూసే గొట్టం. ఆ తర్వాత పెరికార్డియం, గుండె చుట్టూ ఉండే పొర. చాలా కోచింగుల్లో అక్షర క్రమంలో పెద్ద లిస్టు చేతికిచ్చి చదువుకోమంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. అన్నీ ఒకేలా మొదలవుతాయి కదా, సగం పేజీ దాటేసరికి పిల్లలకి ఏది ఏదో తెలియదు. తల ఒకటే, తోకలు వేరు. గుర్తు పెట్టుకోవాల్సింది తోకనే. మీటర్ కొలత, స్కోప్ చూడటం, కార్డియా గుండె. తోక తెలిస్తే ఆ మాట ఇంకెక్కడ కనిపించినా పట్టేస్తారు.

మా మామయ్యగారు ఈ సమ్మర్‌కి మా దగ్గరే ఉన్నారు. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కాఫీ తాగుతూ నోట్‌బుక్‌లోకి తొంగిచూసి, “ఇది మన ‘పరి’ కాదుటే తల్లీ?” అన్నారు. అవునండీ, అదే! గ్రీకు, సంస్కృతం ఒకే భాషాకుటుంబానికి చెందినవి, పెరి, పరి రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. పరిధి, పరిసరాలు, పరిక్రమ, అన్నిట్లోనూ చుట్టూ అనే అర్థం ఉంది. “పరివారం అంటే చుట్టూ ఉండేవాళ్లేగా” అని ఆయన మా అందరినీ ఓసారి చూశారు. మా అమ్మాయి ఊరుకుంటుందా? “మరి పరిహారంలో చుట్టూ ఎక్కడుంది తాతయ్యా?” అంది. ఆయనకి కావాల్సింది అదే. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అని ‘హారం’ ముందు ఒక్కో ఉపసర్గ తగిలించుకుంటూ క్లాసు మొదలుపెట్టేశారు. ఉపసర్గ అర్థాన్ని ఎటు లాక్కుపోతుందో ఒక్కోసారి చెప్పలేం అన్నమాట. ఇంగ్లీష్‌లోనూ అంతే.

నాకు బాగా నచ్చిన జంట ఇంకోటి ఉంది, పెరిఫరీ, సర్కమ్‌ఫరెన్స్. గ్రీకులో పెరి అంటే చుట్టూ, ఫెరీన్ అంటే మోయడం. లాటిన్‌లో సర్కమ్ అంటే చుట్టూ, ఫెర్రే అంటే మోయడం. గ్రీకు మాటని లాటిన్ వాళ్లు ముక్కకి ముక్క తమ భాషలో పెట్టుకున్నారు. ఇంగ్లీష్ వాళ్లేమో రెండూ తెచ్చేసుకుని, సర్కమ్‌ఫరెన్స్‌ని వృత్తం గీసే క్లాసుకిచ్చారు, పెరిఫరీని ఊరి అంచులకి వదిలేశారు.

సరే, పదింటికి ఆర్థోడాంటిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్. పాప పళ్లకి క్లిప్పులు బిగించాలి. ఆర్థో అంటే తిన్నగా, డాంట్ అంటే పన్ను. మరి మావారిని వాళ్ల డెంటిస్టు వెళ్లమన్నది పెరియోడాంటిస్ట్ దగ్గరికి. పన్ను చుట్టూ ఉండేదేంటి? చిగుళ్లు! కారులో వెనక సీట్లోంచి పాపే చెప్పింది. డెంటిస్టు పంపిన ఆ లెటర్ వచ్చి చాలా రోజులైంది, ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద అలాగే ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక్కడ డాష్‌బోర్డ్ చూడండి. ఓడోమీటర్ కనిపిస్తోందా? గ్రీకులో హోడోస్ అంటే దారి. పీరియడ్‌లో ఉన్నదీ అదే: పెరి, హోడోస్. చుట్టూ తిరిగి మళ్లీ మొదటికొచ్చే దారి. రోజూ స్కూల్లో వినే పీరియడ్, నెలనెలా వచ్చే పీరియడ్, రెండూ ఒకే మాట. మెథడ్, ఎక్సోడస్ కూడా ఆ హోడోస్ పిల్లలే. ఇలాంటివి కారులో బాగా ఎక్కుతాయండి. టేబుల్ ముందు కూర్చోబెడితే ఆవలింతలే.

పక్కనే టెంపరేచర్ చూశారా, 97! ఫారెన్‌హీట్‌లో లెండి. తమాషా ఏంటంటే, భూమి సూర్యుడికి అన్నిటికంటే దూరంగా ఉండేది ఈ జూలై మొదటి వారంలోనే. సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. దాన్ని అఫీలియన్ అంటారు. అన్నిటికంటే దగ్గరికొచ్చేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అది పెరిహీలియన్. హీలియోస్ అంటే సూర్యుడు. ఎండాకాలం, చలికాలం వచ్చేది భూమి అక్షం వంపు వల్ల, దూరం వల్ల కాదు. మా చిన్నోడు మాత్రం ఒప్పుకోడు, “మరి ఇంత వేడి ఎందుకు?” అంటూనే ఉన్నాడు. వాడికి అయిదేళ్లు, వదిలేద్దాం.

క్లినిక్ నుంచి వస్తూ మొక్కల షాపులో ఆగాం. ఇవి గుర్తుపట్టారా? మన బిళ్ళగన్నేరు! ఇక్కడ వింకా అని అమ్ముతారు. టెక్సాస్ ఎండకి గులాబీలు వాడిపోతాయి గానీ ఇది మాత్రం చెక్కుచెదరదు. బ్లడ్ క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ మందు ఈ మొక్కలోంచే వచ్చింది. దీనికి ఇంగ్లీష్‌లో ఇంకో పేరు పెరివింకిల్. పాప గబగబా పెన్ను తీసింది. ఆగమ్మా, ఇది ఆ పెరి కాదు! లాటిన్‌లో పెర్వింకా అనే మాట నోళ్లలో నలిగి ఇలా అయింది. పెరిల్, పెరిష్ కూడా అంతే, లాటిన్ నుంచి వచ్చినవి, గ్రీకు పెరిలోంచి కాదు. నోట్‌బుక్ చివర వీటికి ఒక పేజీ ఉంది, హెడ్డింగ్ ‘దొంగ చుట్టాలు’. పెట్టింది తాతయ్యే. నన్నడిగితే ఆ పేజీయే అసలైన ప్రాక్టీస్. ఆప్షన్లు ఇచ్చే పోటీల్లో పిల్లలు తడబడేది తెలియని మాట దగ్గర కాదు, తెలిసినట్టు కనిపించే మాట దగ్గర.

లంచ్‌కి పిల్లలకి పెరి పెరి ఫ్రైస్. చిన్నోడు, “అక్కా, ఇందులో రెండు పెరిలు ఉన్నాయి!” అని అరిచాడు. వాళ్లక్క ఫోన్ తీసి చూసింది. స్వాహిలీలో మిరపకాయ లాంటి వాటిని పిలిపిలి అంటారట, అందులోంచి వచ్చిన పేరు. దొంగ చుట్టాల పేజీలో ఇంకో లైను చేరింది, దాని మీద కెచప్ మరక కూడా.

రాత్రి చపాతీలు చేస్తూ, చిగుళ్ల డాక్టర్‌కి ఫోన్ చేశారా అని మావారిని అడిగాను. ఇన్సూరెన్స్ అన్నారు, నెట్‌వర్క్ అన్నారు, ఆఫీసులో ఎవరికో జరిగిన కథ చెప్పారు, ఈ మధ్య నొప్పి కూడా పెద్దగా లేదన్నారు. నోట్‌బుక్‌లోంచి తల ఎత్తకుండా మా అమ్మాయి, “నాన్నా, ఇది పెరిఫ్రసిస్” అంది.

“ఏమంటోందమ్మాయ్?” అన్నారు మామయ్యగారు.

“డొంకతిరుగుడు మాటలంటోంది మామయ్యా.”

సోమవారం పొద్దున్నే ఫోన్ చేస్తానని మావారు కెమెరా ముందే ఒప్పుకున్నారు, మీరే సాక్షులు. వచ్చే వారం ‘సర్కమ్’ వంతు. సర్కమ్‌లొక్యూషన్ అంటే కూడా డొంకతిరుగుడే కాబట్టి, ఫోన్ చేయకపోతే ఆయన మళ్లీ దొరికిపోతారు. ఉంటానండీ, బై!